చివరి నాలుగు సాంచాలు

రాజమల్లు పనిలో నిద్రపోతాడన్న సంగతి అతని భార్య సారక్క కంటే ముందు శేఠ్ ఫోనుకు తెలిసింది. ఫోను నుంచి కార్ఖానాకు, కార్ఖానా నుంచి కోసాడ్ కాలనీకి ఆ మాట పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. మంచిమాట మెట్లెక్కలేక కిందే కూలబడుతుంది గాని, ఇలాంటి మాటకు లిఫ్టు లేని బిల్డింగు కూడా అడ్డం కాదు. బుధవారం సాయంత్రం ప్రసన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి మెట్ల మలుపులో నలుగురు నిలబడి నవ్వుకుంటున్నారు.

"కుంభకర్ణుడు ఆర్నెల్లకోపారి లేస్తడట. మన రాజమల్లు పగార్ పైసలిచ్చే నాడే లేస్తడు," అన్నాడొకడు.

ప్రసన్నకు కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే తలుపు తోసి లోపలికి వెళ్లింది. చూస్తే రాజమల్లు అక్కడే, గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉన్నాడు.

కింది అంతస్తు మనిషి. జగిత్యాల వైపు పల్లె నుంచి సూరత్ వచ్చి అమ్రోలీలో ఒక కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని ఇక్కడి మనవాళ్లంతా సాంచా అనే అంటారు. ప్రసన్న పుట్టినప్పటి నుంచి ఆయనను కాకా అనే పిలుస్తుంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి ఇవాళ చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో తప్పుచేసిన పిల్లవాడిలా కూర్చున్నాడు.

"నీకోసమే కూసున్నడు, జర సూడు," అంది ప్రసన్న తల్లి లలితమ్మ. ఆమె చీర అంచుకు జిగురు పెట్టి మెరుపు రాళ్లు అంటిస్తోంది. తల ఎత్తితే రాయి వంకరపోతుందని ఎత్తలేదు.

"బిడ్డా, శేఠ్ ఫోన్ల ఉన్నది మీ కంపెనీదేనట గదా?" అన్నాడు రాజమల్లు.

"ఏది కాకా?"

"సాంచాలకు చిన్న చిన్న డబ్బాలు వెట్టిన్రు. సాంచా నడిస్తె నడుస్తుందని, ఆగితె ఆగిందని శేఠ్‌కు ఇంట్ల కూసున్నకాడ సూపిస్తది."

అవును, అది వాళ్లదే. వాళ్లదంటే కూడా తక్కువ చెప్పినట్టే. ఆ పని చేసే కోడులో సగం ప్రసన్న చేత్తో రాసిందే. ఈ ఇంట్లో ఆ మాట ఎవరైనా అడుగుతారా అని ఏడాదిగా ఎదురుచూసింది. అందుకే అడిగిన సందర్భం ఏమిటో చూసుకోకుండా, "మాదే కాకా. నేను రాసిందే," అంది.

రాజమల్లు ముఖంలో కాస్త ధైర్యం వచ్చింది. "నాయి చివరి నాలుగు సాంచాలు. గోడ పక్కపొంటి ఉంటయ్. రాత్రి నాది, పగలు దేవదాసుది. ఇద్దరం జోడీ. గా నాలుగు ఊకె బంద్ వడుతున్నయట. ఫోన్ల గట్ల సూపిస్తుందట. పండుకుంటున్నరా అని అడుగుతుండు శేఠ్. బట్ట సూసి జెప్పుదామంటె ఈ నెల నూలే మంచిగ లేదు, అందరియి తక్కువే దిగినయ్. దేవదాసు మిషన్‌దే తప్పని లొల్లి వెట్టిండు. రేపు పొద్దుగాల ఇద్దరిని నిలవెట్టి అడుగుతడట." చాప అంచు సరిచేశాడు. "నేనైతె పండుకోలే బిడ్డా. నాకు యాదికి లేదు. నిన్ను అడుగుదామని అచ్చిన. మిషన్ తప్పు జెప్పుతదా?"

ప్రసన్నకు ఆకలిగా ఉంది. చేతులు కడుక్కుంటూ వెనక్కి తిరిగి నవ్వింది.

"దానికి నీ మీద ఏమన్న పగనా కాకా, తప్పు చెప్పేతందుకు? సాంచా తిరిగితె లెక్క వస్తది. తిరగకపోతె సున్నా వస్తది. గంతే."

"గంతేనా?"

"గంతే. రాత్రంత నిలవడేటోళ్లకు కన్ను మూతవడ్డది తెల్వదు. తప్పేముంది? మా ఆఫీసుల పగలే పడుతరు."

ఓదార్పుగానే అంది. ఆ మాటలో విషం ఉందని ఆమెకు తెలియదు. రాజమల్లు కాసేపు చేతుల వైపు చూసుకుని, "అయితె పడ్డదేమో," అని లేచాడు. చెప్పులు వేసుకోవడానికి గడప దగ్గర చాలాసేపు పట్టింది.

*

గురువారం కార్ఖానాలో ఏం జరిగిందో సాయంత్రానికి కాలనీ అంతా చెప్పుకుంది. రాజమల్లు తప్పు ఒప్పుకుని శేఠ్ కాళ్లు పట్టుకున్నాడు. సాంచాల మీది నుంచి తీసేసి పడుగు చుట్టిన బరువు బీములు మోసే పనిలో పెట్టారు. దేవదాసు మాత్రం ఒప్పుకోలేదు, అరిచాడు. అతన్ని గేటు బయటికి పంపారు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుకు ఒక వీడియో వచ్చింది. ఉధనా వైపు ఒక శేఠ్ పంపాడు. అందులో ఒక సాంచా టకటకా ఆడుతోంది. దాని ముందు ఆయన చేయి, చేతిలో ఫోను. ఫోనులో ఆ సాంచా పక్కనే ఎర్రగా 'బంద్' అని ఉంది. వీడియో చివర శేఠ్ గుజరాతీలో ఒక మాట అన్నాడు. అది ఇక్కడ రాయదగింది కాదు.

ప్రసన్న నవ్వలేదు. వీడియో మళ్లీ చూసింది. తర్వాత కోడు తెరిచింది.

కోడు రాసేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఫలానా పని ప్రయత్నించు అని రాస్తారు. దాని కిందే, కుదరకపోతే ఆ తప్పును పట్టుకో అని రాస్తారు. పట్టుకున్న తప్పును ఏం చేయాలో చెప్పడం రాసేవాళ్ల ధర్మం. పైకి చెప్పొచ్చు, మళ్లీ ప్రయత్నించొచ్చు, ముందుకు పోనని పనే ఆపేయొచ్చు. చప్పుడు కాకుండా మింగేయనూ వచ్చు. ప్రసన్న మింగేసింది.

ఎప్పుడు మింగిందో ఆమెకు బాగా గుర్తుంది. యాప్ మొదటిసారి చూపించిన రోజు శేఠ్‌లు వరసగా సోఫాల్లో కూర్చున్నారు. దూరంగా ఉన్న డబ్బా నుంచి జవాబు రాక తెర నిండా ఎర్ర అక్షరాలు పరుచుకున్నాయి, యాప్ మూతపడింది. యజమాని హితేన్‌భాయ్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "చాయ్ తీసుకోండి, చాయ్," అంటూ వాళ్లను మాటల్లో పెట్టాడు. ఆ చాయ్ పూర్తయ్యేలోగా ప్రసన్న రెండు లైన్లు రాసింది. డబ్బా జవాబు ఇవ్వకపోతే లెక్క సున్నా అనుకుని ముందుకు పో. పక్కన తనకోసం 'తర్వాత చూడాలి' అని కూడా రాసుకుంది. తెర మళ్లీ ఎర్రబడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. హితేన్‌భాయ్ ఆమెను పిలిచి శేఠ్‌లకు పరిచయం చేశాడు. ఆ 'తర్వాత' మాత్రం రాలేదు.

ఇప్పుడు ఆ రెండు లైన్లు తీసేసింది. సున్నా రాయడం మానేసి, జవాబు రానప్పుడల్లా ఉన్నదున్నట్టు చెప్పమంది. అమ్రోలీ కార్ఖానాకు ఆఫీసు నుంచే ఆ మార్పు పంపి తెర ముందు కూర్చుంది. గేటు దగ్గరి సాంచాలు మామూలుగా లెక్క పంపాయి. నడిమివీ పంపాయి. చివరి నాలుగింటి నుంచి మాత్రం ఒకదాని కింద ఒకటి రావడం మొదలైంది. జవాబు రాలేదు. జవాబు రాలేదు. జవాబు రాలేదు. నడుమ ఒకసారి లెక్క వస్తే అది బ్రహ్మాండంగా ఉంది, సాంచా జోరుగా ఆడుతున్నట్టు. మళ్లీ జవాబు రాలేదు.

సిగ్నల్ పట్టే పెట్టె గేటు దగ్గర బిగించారు. వెనక గోడ దాకా మధ్యలో ఉన్నదంతా ఇనుమే. ఆ నాలుగు సాంచాల దగ్గర ఇప్పుడు మరో మనిషి నిలబడి ఉంటాడు. పాత కోడే ఉండి ఉంటే వారం తిరక్కుండా వాడూ నిద్రపోతు అయ్యేవాడు.

'దానికి నీ మీద పగనా కాకా' అన్న తన గొంతు ప్రసన్నకే వినబడింది. లేచి వెళ్లి హితేన్‌భాయ్‌కి చెప్పింది, తెర చూపించింది.

ఆయన చెడ్డవాడు కాదు. మొత్తం విన్నాడు. "ఇప్పుడు సరైపోయిందా?" అని హిందీలో అడిగాడు.

"అయింది."

"బస్. అందరికీ కొత్త వర్షన్ పంపించెయ్. నెట్‌వర్క్ మెరుగుచేశాం అని రాయి."

"మరి ఆ మనుషులు, భాయ్?"

"ఏ మనుషులు?"

ప్రసన్న చెప్పింది. హితేన్‌భాయ్ తన ముందున్న చాయ్ కప్పును ఆమె వైపు జరిపాడు. ఎవరికైనా చెడ్డమాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన అలా చేస్తాడు. "పనిలోంచి తీసింది శేఠ్. మనం కాదు. ఒక్క శేఠ్‌కు తెలిస్తే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. ఈ గదిలో ఐదుగురి పొట్ట ఉంది, బేటా. నీది కూడా."

ప్రసన్న తల ఊపింది. ఆ ఊపిన తలను తనే నరుక్కోవాలన్నంత రోత పుట్టింది. అయినా ఊపింది. చాయ్ కూడా తాగింది.

*

ఇంటికి వచ్చేసరికి సారక్క గిన్నెలో సర్వపిండి పట్టుకుని కూర్చుని ఉంది, పక్కన రాజమల్లు. నిద్ర రాకుండా కళ్ల కింద బామ్ రాసుకుని రాసుకుని ఆయన చర్మం కంది ఎర్రగా ఉంది.

"తిను బిడ్డా, వేడిగున్నది," అని సారక్క గిన్నె చేతికిచ్చింది. "మీ కాకది ఏం కతనో నాకు సమజైతలేదు. పండుకుంటె లేస్తలేడు, లేస్తె పండుకుంటలేడు. నేను కావలి కూసుంటున్న, కునుకు వడుతదా అని. దవాఖానల డాక్టరు మంచిగ నిద్రవో అన్నడు. గదే గద గీయనకు రోగం!"

ఈ మాటకు రాజమల్లే ముందు నవ్వాడు. తర్వాత ప్రసన్న వైపు కొంచెం వంగి, ఎవరూ వినకూడదన్నట్టు నెమ్మదిగా అడిగాడు. "ఒక్క పని జేస్తవా బిడ్డా? మీ మిషన్‌ల సూసి నాకు ఏ టైముల కన్ను వడుతుందో జెప్పు. గా టైముకు జర ముంగట మొకం కడుక్కుంట, మిరపకాయ నములుత. గిట్ల మంచిగైతున్న అని శేఠ్‌ను బతిమాలి రెండు సాంచాలన్న అడుగుత."

ప్రసన్న సర్వపిండి ముక్క మళ్లీ గిన్నెలో వేసింది. గిన్నె కింద పెట్టింది.

"కాకా, నువ్వు పండుకోలే."

"ఆఁ?"

"నువ్వు పండుకోలే. తప్పు నాది. డబ్బా నుంచి జవాబు రాకపోతె సున్నా అని రాసిన. సాంచా నడుస్తున్నా సున్నానే వడ్డది. నాదే తప్పు కాకా, నీది గాదు."

లలితమ్మ చేతిలోని రాయి చీర మీద జారిపడింది. సారక్క ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ప్రసన్న తిట్లకు సిద్ధపడింది. ఒక రకంగా వాటికోసం ఎదురుచూసింది కూడా.

రాజమల్లు తిట్టలేదు. చిన్నపిల్లను చూసినట్టు జాలిగా చూశాడు. "నా పానం కుదుట వడాలని జెప్తున్నవ్. నాకు తెల్వదా? నేను పండుకున్న బిడ్డా. ముందుగాల యాదికి లేకుండె. సోంచాయిస్తుంటె ఇప్పుడిప్పుడు యాదికొస్తుంది. సాంచాకు ఒరిగి నిలవడ్డకాడ కన్ను మూతవడ్డది. ఒకనాడు కల సుత అచ్చింది."

జరగని నిద్రకు కల కూడా పుట్టించుకున్నాడా మనిషి! ప్రసన్నకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే అదీ ఓదార్పు కిందే పోతుందని పళ్లు బిగపట్టింది.

"రేపు పొద్దుగాల నాతోని కార్ఖానకు రా కాకా. నీ కండ్లతోని సూడు," అంది.

*

శనివారం ఉదయం శేఠ్ తన గదిలో దేవుడి పటాలకు అగరొత్తులు తిప్పుతున్నాడు. పేరు వల్లభ్‌భాయ్. ప్రసన్నను చూసి ఆ కంపెనీ అమ్మాయని గుర్తుపట్టాడు. వెనక రాజమల్లును చూసి మాత్రం కనుబొమలు ముడిచాడు.

లోపల మాట వినబడదు. అంత చప్పుడు. అందుకని ప్రసన్న మాట్లాడలేదు, శేఠ్‌ను చివరి దాకా నడిపించింది. గోడ పక్కన నాలుగు సాంచాలూ ఆడుతున్నాయి. పడుగు పోగులు కిందికీ మీదికీ పోతున్నాయి, బట్ట అంగుళం అంగుళంగా చుట్టుకుంటోంది. తెలియని మనిషి ఒకడు తెగిన పోగుకు ముడివేస్తూ బెదురుగా చూశాడు. ప్రసన్న తన ల్యాప్‌టాప్‌లో పాత కోడునే నడిపి తెర శేఠ్ వైపు తిప్పింది. నాలుగింటిలో మూడు 'బంద్' అని ఉన్నాయి. కాసేపటికి ఒకటి మారింది. ఇంకొకటి 'బంద్' అయింది. ఈ మధ్యలో ఒక్క సాంచా ఆగలేదు.

శేఠ్ తెర చూశాడు, సాంచా చూశాడు, మళ్లీ తెర చూశాడు. రాజమల్లు తెరను ఒక్కసారే చూశాడు. తర్వాత ముందుకు జరిగి 'బంద్' అని ఉన్న సాంచా చట్రం మీద అరచేయి పెట్టాడు. చట్రం అదిరిపోతోంది, దాంతోపాటు ఆయన చేయి, మోచేయి, భుజం దాకా అదురుతున్నాయి. చాలాసేపు చేయి తీయలేదు.

బయటికి వచ్చాక ప్రసన్న శేఠ్‌కు అంతా చెప్పింది. తను రాసిన రెండు లైన్ల గురించి, ఎందుకు రాసిందో, ఎవరు నష్టపోయారో. 'నెట్‌వర్క్ మెరుగు' అన్న మాట వాడలేదు. శేఠ్ హితేన్‌భాయ్‌ని నాలుగు మాటలు తిట్టి, ప్రసన్న ఆడపిల్ల అని ఆగి, రాజమల్లు వైపు తిరిగాడు.

"చలో, గలతీ హో గయీ, తప్పయింది. సోమవారం నుంచి నీ సాంచాలు నువ్వు తీసుకో. ఆ దేవదాస్‌ను కూడా రమ్మను. మీ ఇద్దరి చేయి పడితేనే అవి సరిగా ఆడతాయి," అన్నాడు. శేఠ్‌లు క్షమాపణ చెప్పడమంటే అంతే.

ప్రసన్న మనసు తేలికపడింది. ఇంత సులువుగా అయిపోతుందనుకోలేదు. రాజమల్లు మళ్లీ లోపలికి నడిచాడు. తన సాంచాలను చూసుకోవడానికి పోతున్నాడనుకుని ఆమె వెనకే వెళ్లింది.

జోడీగా పనిచేసేవాళ్లకు షిఫ్టు మారేటప్పుడు ఒక ఆచారం ఉంది. వచ్చినవాడు నాలుగు సాంచాల మీద బట్టను అరచేత్తో తడిమి చూసి, "ఇగ నాయి" అంటాడు. అది విన్నాకే పోయేవాడు కదులుతాడు. అప్పటిదాకా బట్టలో పడిన తప్పు పోయేవాడిది, ఆ తర్వాతది వచ్చినవాడిది. రాజమల్లు మొదటి సాంచా దగ్గర నిలబడి బట్ట మీద చేయి వేశాడు. పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. చేయి వెనక్కి తీసుకుని గేటు వైపు వచ్చేశాడు.

"ఏమైంది కాకా?"

రాజమల్లు నడుస్తూనే రోడ్డు మీదికి వచ్చాడు. చాయ్ బండి పక్కన ఆగి, ఆమె ముఖంలోకి చూడకుండా అన్నాడు.

"దేవదాసును తీసేసింది శేఠ్ గాదు బిడ్డా. నేను."

"నువ్వేం చేసినవ్?"

"మొన్న నిలవెట్టి అడిగిండు గద. వాడు ఒర్రుతుండు, మిషన్ తప్పు, మిషన్ తప్పు అని. శేఠ్ నా దిక్కు తిరిగి, నువ్వు షిఫ్టు మారంగ వస్తవ్ గదా, వాడు పండుకోని ఉండంగ సూసినవా అన్నడు. నాకు నీ మాటే యాదికొచ్చింది. మిషన్‌కు పగనా అన్నవ్. నేనే పండుకున్ననంటె వాడు పండుకోడా అనుకున్న. ఉండొచ్చు శేఠ్ అన్న." గొంతు సవరించుకున్నాడు. "ఉండొచ్చు అన్న. గంతే. వాడు ఇగ ఒర్రలే. నా మొకం సూసిండు. సంచి తీస్కోని పోయిండు."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా మంట కొంచెం తగ్గుతుందనే ప్రసన్న అనుకుంటోంది. మంట ఇంకో ఇంటికి అంటుకుందని ఇప్పుడు తెలిసింది. తన సున్నా శేఠ్ ఫోనులో ఆగలేదు. అది రాజమల్లు నోట్లోంచి మాటగా వచ్చి మరో మనిషిని గేటు దాటించింది.

"ఎక్కడుంటడు కాకా?"

"ఉన్ బస్తీల, ఆడికెల్లే రోజు వస్తుండె. ఇప్పుడు గా దిక్కే పాండేసర మిల్లుల కుదిరిండట."

"పోదాం పా," అందామె.

*

నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి బస్సు. మధ్యలో హితేన్‌భాయ్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ప్రసన్న తీయలేదు. తేలు కుట్టిన దొంగలా ఫోను సంచిలో పెట్టుకుంది.

దేవదాసు గదిలోనే ఉన్నాడు. మధ్యాహ్నం షిఫ్టుకు బయల్దేరుతున్నాడు. రంగుల మిల్లులో చేరి రెండు రోజులే అయినా చేతులు మోచేతుల దాకా ఆకుపచ్చగా ఉన్నాయి. గడపలో రాజమల్లును చూసి, టిఫిన్ డబ్బాకు మూత బిగించడం ఆపలేదు. భార్య ఊర్మిళే, "రా బావా, కూసో," అని చాప పరిచి నీళ్లిచ్చింది. ప్రసన్న ఎవరని కళ్లతోనే అడిగింది.

ప్రసన్న తనే చెప్పుకుంది. ఇది నాలుగోసారి చెప్పడం. ప్రతిసారీ కొంచెం సులువవుతుందనుకుంది గాని ఇంకా కష్టమైంది. దేవదాసు నిలబడే విన్నాడు.

"అయితె మిషన్ తప్పే," అన్నాడు చివరికి.

"మిషన్‌ది గూడ గాదు. నాది."

"మంచిగైంది. నాకు పిచ్చిలేసిందా అనుకున్న." భార్య వైపు తిరిగాడు. "ఇన్నవా? నేను జెప్పలేదా?"

ఊర్మిళ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఈ రెండు రోజులు ఆ ఇంట్లో ఎలా గడిచాయో ఆ ఒత్తుకోవడంలో తెలిసింది.

"సోమవారం సంది రమ్మన్నడు తమ్మీ," అన్నాడు రాజమల్లు. "ఎప్పటి లెక్కనే. రాత్రి నాది, పగలు నీది."

దేవదాసు అప్పుడు మొదటిసారి ఆయన వైపు సరిగ్గా చూశాడు. "అన్నా, ఒక్క మాట అడుగుత. నేను పండుకోంగ నువ్వు సూసినవా?"

"సూడలే."

"ఎన్నడన్న?"

"ఎన్నడు సూడలే."

"మరి సూడలే అంటె అయిపోతుండె గదా."

ప్రసన్న గబగబా అందుకుంది. "కాకకు చెప్పింది నేనే. మిషన్ అబద్ధమాడదని నేనే—"

"నువ్వు జెప్పినవ్ చెల్లె. తెల్వక జెప్పినవ్. సాంచా కాడ నిలవడలేదు నువ్వు." దేవదాసు గొంతు పెంచలేదు. "గీయన నిలవడ్డడు. రోజు పొద్దుగాల నా చేతుల సాంచాలు పెట్టిపోయిండు, రోజు మాపటికి నా చేతులకెల్లి తీస్కున్నడు. డబ్బా జవాబు ఇయ్యలేదంటె దానికి ఇనుము అడ్డమొచ్చింది. నీకేం అడ్డమొచ్చింది అన్నా?"

రాజమల్లు చాప మీద అలాగే చేతులు జోడించాడు. దేవదాసు గబుక్కున వంగి ఆ చేతులు విడదీశాడు. తనకంటే పెద్దవాడు దండం పెడితే ఆయుష్షు తరుగుతుందని విడదీశాడో, కోపం ఒక్క నిమిషం పక్కకు పోయి విడదీశాడో ప్రసన్నకు అర్థం కాలేదు. ఆకుపచ్చ చేతుల్లో ఆ చేతులు ఒక క్షణం ఉండిపోయాయి.

"నేను రాను," అన్నాడు దేవదాసు. "శేఠ్ మీద కోపం లేదు. నీ మీద సుత లేదనే అనుకో. కని పొద్దుగాల నిన్ను సూసుకుంట నా సాంచాలు అందుకోను."

సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. ఊర్మిళ చాయ్ పెడతానంది. వద్దనలేక తాగారు. ఆమె ఏమీ అనలేదు. గ్లాసులు అందుకునేటప్పుడు మాత్రం, "ఆయిన గట్లనే బావా. జర దినాలు పోనీ," అంది.

*

బస్సు కోసం నిలబడ్డారు. ఎండ మండిపోతోంది. మళ్లీ ఫోను మోగింది. ఈసారి ప్రసన్న తీసింది.

హితేన్‌భాయ్ అరుస్తాడనుకుంది. ఆయన గొంతు అలిసిపోయి ఉంది. "వల్లభ్‌భాయ్ అందరికీ చెప్పాడు. పొద్దున్నుంచి ఫోన్లే ఫోన్లు. ఉధనా శేఠ్ పోయిన నెల ఇద్దరిని తీసేశాడట. వాళ్లు నిజంగా పడుకున్నారా, మన తప్పా అని అడుగుతున్నాడు. పాత రికార్డు చూసి చెప్పు. ఏదో ఒకటి చెప్పాలి కదా."

ప్రసన్న జవాబు చెప్పబోయి ఆగింది. ఈ ప్రశ్న ఇంతవరకు తనే వేసుకోలేదు. సాంచా ఆగినా సున్నాయే రాసింది, జవాబు రాకపోయినా సున్నాయే రాసింది. రెండూ ఒకే వరసలో, ఒకే రూపంలో పడి ఉన్నాయి. ఏది ఏదో చెప్పే గుర్తునే ఆమె మింగేసింది.

"చెప్పలేం భాయ్," అంది హిందీలో. "విడదీయడానికి లేదు. ఇకముందు తెలుస్తుంది. పాతది ఎప్పటికీ తెలియదు."

"అయితే ఆయనకు ఏం చెప్పమంటావ్?"

"తెలియదని చెప్పండి. ఆ తెలియకపోవడం మన తప్పని చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

"సోమవారం ఆఫీసుకు రా, మాట్లాడదాం," అని పెట్టేశాడు. ఉద్యోగం ఉంటుందో పోతుందో ఆ గొంతును బట్టి చెప్పడం కష్టం. దానికి భయపడాలని కూడా ఆమెకు తోచలేదు.

పక్కన రాజమల్లు అంతా విన్నాడు. ఇన్నేళ్ల సూరత్ బతుకులో ఆయనకు హిందీ రాకపోవడమేమిటి? తువ్వాలుతో ముఖం తుడుచుకుని అడిగాడు.

"నాయి సుత గంతేనా బిడ్డా?"

"ఏంది కాకా?"

"నాకు ఎన్నడన్న కన్ను వడ్డదో లేదో. ఒక్క రాత్రన్న. నువ్వు నిన్న పండుకోలే అన్నవ్. గది సుత నీకు తెల్వదా?"

ప్రసన్న ఆయన ముఖం చూసింది. కళ్ల కింద కందిన చర్మం, ఆశగా ఎత్తిన కనుబొమలు. ఒక్క మాట చాలు. 'లేదు కాకా, నువ్వు ఒక్కనాడు పండుకోలే.' అంటే చాలు, ఇంటికి వెళ్లి హాయిగా పడుకుంటాడు, సారక్క కావలి మానేస్తుంది. మాట నాలుక చివరికి వచ్చింది కూడా. బుధవారం నాడు చేతులు కడుక్కుంటూ ఇలాగే, ఇంత ప్రేమగానే చెప్పింది.

"తెల్వదు కాకా," అంది.

రాజమల్లు మెల్లగా తల ఊపాడు. పాండేసర వైపు షిఫ్టుకు పోతున్న సైకిళ్లు వాళ్ల ముందు నుంచి వెళుతున్నాయి. వాటి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మొన్న నేను అడిగిననాడు గీ మాట జెప్తె అయిపోతుండె గదా బిడ్డా," అన్నాడు.

కోపంగా అనలేదు. బస్సు వచ్చి ఆగితే, ముందు ఆమెను ఎక్కనిచ్చి తర్వాత తను ఎక్కాడు.